పల్లె వృద్ధాశ్రమం కమిటీకి కొత్త అధ్యక్షుడిని: ముందు ఏం చూసుకోవాలి?

అడిగినవారు: మండల కేంద్రానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న వృద్ధాశ్రమం, సొసైటీగా రిజిస్టర్ అయింది. ఉండేవాళ్లు 32 మంది, వాళ్లలో ఏడుగురు మంచం దిగలేరు. కార్యవర్గంలో తొమ్మిది మందిమి, ఎవరికీ జీతం లేదు. పది రోజుల కిందట సర్వసభ్య సమావేశంలో నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మినిట్స్ పుస్తకంలో (సమావేశాల తీర్మానాలు రాసేది) ఆఖరి పేజీ ఏడాదిన్నర కిందటిది. చెక్కుల మీద ఇంకా పాత అధ్యక్షుడి సంతకమే నడుస్తోంది. మేనేజరమ్మకి కమిటీ నుంచి రోజుకి నాలుగు ఫోన్లు, నాలుగు రకాల మాటలు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

సొసైటీల కాగితాలు చూసేవారు: పది రోజులంటే మీకింకా అయిదు రోజులే ఉన్నాయండి. ఆంధ్రప్రదేశ్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సమావేశం అయిన 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు కావాలి. తెలంగాణలో కూడా ఇదే చట్టం, ముందు పేరొక్కటే మారింది. సమావేశం నోటీసు, హాజరు సంతకాలు, తీర్మానం నకలు జతచేసి రేపే వేసేయండి. బ్యాంకువాళ్లు రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన జాబితా, తీర్మానం, కొత్తవాళ్ల ఆధార్, పాన్ చూడనిదే సంతకాలు మార్చరు. ఆ మార్పు మధ్యలో ఒకటో తారీఖు వచ్చి పడి ఆయాల జీతాలు ఆగిపోవడం మామూలుగా జరిగే ముచ్చటే. కిరాణా, గ్యాస్, జీతాల చెక్కులు ముందే ఇచ్చి, ఆ తర్వాత బ్యాంకుకు ఉత్తరం పెట్టండి.

ఇంకొకటి. ఖాళీగా ఉన్న ఏడాదిన్నర మినిట్స్ ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో రాయకండి. "ఎవరు చూస్తారులే" అని ఒకాయన సలహా ఇస్తాడు, ప్రతి కమిటీలో ఉంటాడాయన. ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, ఒకే రోజు పెట్టిన తొమ్మిది సంతకాలు. తగాదా కోర్టుకెక్కితే మొదట పట్టుబడేది అదే. దాని బదులు మీ మొదటి సమావేశంలో ఒక్క తీర్మానం, ఇలా:

"తీర్మానం 3: ఫలానా తేదీ నుంచి నేటి వరకు సమావేశాలు జరగనందున, ఆ కాలంలో జరిగిన ఖర్చుల జాబితా (అనుబంధం 1, ఓచర్ నంబర్లతో) చదివి వినిపించగా, వరుస 14, 22 తప్ప మిగిలినవి కార్యవర్గం ఆమోదించింది. 14, 22 పై కోశాధికారి వివరణ వచ్చే సమావేశానికి."

అభ్యంతరం ఉన్నది విడిగా కనబడాలి. అన్నీ గంపగుత్తగా ఆమోదిస్తే పాత లెక్కలు మీ మెడకు చుట్టుకుంటాయి.

నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం (కనీస హాజరు) ఎంత అనేది మీ బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో ఉంటుంది. వాట్సాప్‌లో పెట్టాం కదా అనుకోవద్దు. బైలాస్ ఒప్పుకోకపోతే అది నోటీసు కాదు. సంతకాల పుస్తకం తిప్పించండి. రేపు రెండు వర్గాలై రెండు జాబితాలు దాఖలైతే ఆ చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోవాల్సిందే. అక్కడ నిలబడేది నోటీసు పుస్తకమే.

నర్సింగ్ పర్యవేక్షకురాలు: కాగితాల సంగతి సరే, ఆ నాలుగు ఫోన్ల సంగతి చెప్తాను. మేనేజరుతో ఒక్కరే మాట్లాడాలి. అధ్యక్షుడో కార్యదర్శో తేల్చుకోండి. మిగతా ఎనిమిది మంది ఎప్పుడైనా రావచ్చు, భోజనం రుచి చూడవచ్చు, పెద్దవాళ్ల దగ్గర కూర్చోవచ్చు. పని పురమాయించకూడదు. ఒకరు పప్పు పలచన అని, ఇంకొకరు గ్యాస్ ఎక్కువ కాలుతోందని తిడితే ఆమె చివరికి ఎవరికీ ఏమీ చెప్పకుండా దాచడం నేర్చుకుంటుంది. కింద పడిన ముసలమ్మ సంగతి కూడా అందులోనే కలిసిపోతుంది.

ఫోన్ల బదులు నెలకు ఒక్క కాగితం అడగండి: నెల మొదట్లో ఎంతమంది, చివర ఎంతమంది, జారిపడ్డవాళ్లు (తేదీ, వేళ, చోటు), కొత్త పడక పుళ్లు, ఆసుపత్రికి తీసుకెళ్లినవి, మరణాలు, రాత్రి డ్యూటీ ఖాళీగా పోయిన రోజులు, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది. కూరగాయల ధరలు అందులో వద్దు, అవి మొదలైతే సమావేశం అక్కడే తెల్లారుతుంది.

మీ ఏడుగురు మంచాన ఉన్నవాళ్ల లెక్క వేసి చూడండి. పడక పుళ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మనిషికి అయిదు నిమిషాలన్నా విడతకు 35 నిమిషాలు, బరువున్నవాళ్లకు ఇద్దరు పట్టాలి. రాత్రి ఒకే ఆయా ఉంటే ఎంత మంచిదైనా ఇది జరగదు. పుండు మొదట తుంటి మీద, మడమ మీద, నడుం కింద మచ్చలా కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలితే రంగు మారకపోతే మొదలైందన్నమాట. చామనచాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, కాబట్టి చేత్తో తాకి వేడి చూడాలి. కొత్త పుండు కాగితం మీదికి వస్తే ఆయాని మందలించడం కాదు, రాత్రికి రెండో మనిషి జీతం ఎక్కణ్ణుంచి తేవాలా అన్నదే కమిటీ పని.

అడిగినవారు: ధన్యవాదాలు. జాబితా రేపు వేస్తాను. ఇప్పుడు డబ్బు సంగతి. శాశ్వత అన్నదానం పేరుతో 10,000 తీసుకుని ఏటా ఒకరోజు భోజనం పెడుతున్నాం. అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు కూడా పంపుతామంటున్నారు. ఒక పెద్దాయన తన ఎకరం పొలం ఆశ్రమానికి రాస్తానంటున్నాడు.

లెక్కలు తనిఖీ చేసేవారు: వరుసగా చూద్దాం.

10,000 మీద ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 700. 32 మందికి రోజుకు తలా 80 రూపాయల చొప్పున వేసుకున్నా 2,560. ప్రతి దాత తిథికీ మీరు 1,860 చేతి నుంచి పెట్టుకుంటున్నట్టు. రోజంతా పెట్టాలంటే ఆ వడ్డీకి దాదాపు 36,600 కావాలి. పాతవాళ్లకు ఇచ్చిన మాట తప్పలేం గానీ కొత్త రసీదుల మీద "ఒక పూట అల్పాహారం" అని మార్చండి, లేదా మొత్తం పెంచండి. ఆ సొమ్ము మూలనిధి (అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడే నిధి) కిందే ఉండాలని దాత చేత రసీదు మీదే రాయించి సంతకం తీసుకోండి. అది లేకపోతే పన్ను లెక్కల్లో మామూలు ఆదాయం అయిపోతుంది.

నగదు సంగతి: 2,000 దాటి నగదుగా ఇస్తే దాతకు 80జీ మినహాయింపు (విరాళంపై ఆదాయపు పన్ను తగ్గింపు) రాదు. ఇప్పుడు కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం పాత పేర్లే. ఆ పన్ను మినహాయింపు కోసం మీకిచ్చిన రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీకి తీరుతుందో ఉత్తర్వు తీసి గోడ మీద అతికించండి. కమిటీ మారినప్పుడు జారిపోయేది ఆ తేదీయే, ఎందుకంటే ఈమెయిల్ పాసువర్డు పాత కార్యదర్శి ఫోన్‌లో ఉంటుంది.

అమెరికా డబ్బు దగ్గర ఆగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఊరికొచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. మామూలు ఖాతాలో పడ్డాక సర్దుకుందాం అనేది కుదరదు. కాబట్టి క్యూఆర్ కోడ్‌ను ఊరి వాట్సాప్ గ్రూపులో తోచినట్టు పెట్టకండి.

సొసైటీల కాగితాలు చూసేవారు: పొలం గురించి నేను చెప్తాను. అధ్యక్షుడి పేరునో వ్యవస్థాపకుడి పేరునో రిజిస్టర్ చేయించుకోవద్దు, సొసైటీ పేరునే ఉండాలి. "నన్ను చివరిదాకా చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో ఉంటే 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ వర్తించవచ్చు. అది పిల్లలకు మాత్రమే అని రాసి లేదు, ఆస్తి తీసుకున్నవాళ్లందరికీ. చూడలేదని తేలితే ఆర్డీవో ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. ఆయనకు మతి నిలకడగా ఉందని డాక్టరు కాగితం, పిల్లలకు లిఖితపూర్వకంగా తెలియజేయడం, రెండూ లేకుండా ముట్టుకోవద్దు. ఇలాగే పింఛను కార్డులు, ఏటీఎం కార్డులు, వాటి పిన్నులు ఆశ్రమం బీరువాలో ఉంటే ఈ వారమే ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి. దాచుకోలేనివాళ్లవి కవరులో పెట్టి, రిజిస్టరులో ఇద్దరు సాక్షుల సంతకాలతో.

నర్సింగ్ పర్యవేక్షకురాలు: చేరిక ఫారం కూడా ఒకసారి తీయండి. ఆసుపత్రికి తీసుకెళ్లే ఒప్పుదల, రెండు ఫోన్ నంబర్లు, పోయాక శవాన్ని ఎవరు తీసుకెళ్తారు అనే గడి. ఈ మూడోది చాలా ఫారాల్లో ఉండదు. ఆశ్రమంలో మరణం జరిగితే నమోదుకు తెలియజేయాల్సిన బాధ్యత అక్కడి ఇన్‌చార్జిదే, 21 రోజుల్లో. కుటుంబం ఎక్కడుందో తెలియనివాళ్ల విషయంలో వృద్ధుల సహాయ ఫోన్ 14567 ఎల్డర్‌లైన్‌కు ముందే ఫోన్ చేసి వివరాలు చెప్పి ఉంచండి.

అడిగినవారు: మొదటి సమావేశం వచ్చే ఆదివారం పెడదామనుకుంటున్నా.

నర్సింగ్ పర్యవేక్షకురాలు: బైలాస్‌లో నోటీసు గడువు చూసుకుని తేదీ పెట్టండి. దానికి ముందు ఒకరోజు రాత్రి రెండింటికి వెళ్లి, ఏమీ అనకుండా, హాల్లో ఎంతమంది ఆయాలు మేలుకుని ఉన్నారో లెక్కపెట్టి రండి.