"పెత్తనవే" అందా, "పెత్తనవేటి" అందా? మా మామ్మ మాట ఒకటి

టెక్కలి అమ్మాయి: మా మామ్మ మాట ఒకటి సగమే గుర్తొచ్చి రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. "తాళాలు బొడ్లో దోపుకుంటే పెత్తనవే గానీ..." ఆ తర్వాత ఎక్కడో "పెద్దరికం" వచ్చింది, అది మాత్రం రూఢి. పెద్దకోడలికి తాళాల గుత్తి ఇచ్చేసిన రోజు అంది. గుత్తి చేతికొచ్చాక కూడా మా పెద్దమ్మ బియ్యం డబ్బా మూత తీసి, తవ్వ చేత్తో పట్టుకుని, "అత్తా, ఎన్ని పొయ్యమంటావు?" అనే అడిగేది. మీ ఇళ్లలో ఈ మాట పూర్తిగా ఎవరైనా విన్నారా?

చీపురుపల్లి మాస్టారు: పెద్ద, తనం కలిసి పెత్తనం. దీనికి తగువు లేదు. నలగకుండా మిగిలిన "పెద్దతనం" వయసైంది, నలిగింది అధికారమైంది. చూడాల్సింది "రికం". చుట్టరికం, ఇల్లరికం ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే నిలుస్తాయి. పెద్దరికమూ అంతే.

బొబ్బిలి: మరి పేదరికం ఎవరు ఒప్పుకుంటే వచ్చింది మాస్టారూ?

చీపురుపల్లి మాస్టారు: అది మినహాయింపు.

బొబ్బిలి: మీ సూత్రాలన్నిటికీ ఒకటుంటుంది లెండి.

నరసన్నపేట: రికం తర్వాత. అమ్మాయ్, ఆవిడ "పెత్తనవే" అందా, "పెత్తనవేటి" అందా? "వే" అయితే తాళాలతో పెత్తనం ఒక్కటే వస్తుందని. "వేటి" అయితే ఆ పెత్తనమూ రాదని. అర్థం తిరగబడిపోతుంది. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మాకు దగ్గరే. నోట ఎలా పలికితే అలాగే రాయాలి.

టెక్కలి అమ్మాయి: అయ్యో, ఇప్పుడు నాకూ అనుమానం పట్టుకుంది. అప్పటికి మామ్మకి పళ్లు లేవు. "టి" మింగేసిందేమో.

విజయనగరం: ఇదంతా కన్యాశుల్కంలోనే ఉంది. పూటకూళ్లమ్మది పెత్తనం. ఇల్లు తనది, సంపాదన తనది, చీపురుకట్టా తనదే. ఆ కట్ట దెబ్బ ఎలా ఉంటుందో మంచం కింద దూరిన రామప్పంతుల్ని అడగాలి. వెంకమ్మ ముగ్గురు పిల్లల తల్లి. అయినా సుబ్బి పెళ్లి దగ్గర ఆవిడ మాట చెల్లక నూతిలో పడాల్సొచ్చింది. అక్కడ పెత్తనమూ లేదు, పెద్దరికమూ లేదు. రెండూ ఉన్నది మధురవాణికే! ఆవిడ గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

చీపురుపల్లి మాస్టారు: ఏ కూర్పు చూసి చెబుతున్నారు? 1897దా, 1909దా?

విజయనగరం: 1909దే. 1897ది మీ బీరువాలో ఉందని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు మాస్టారూ.

రాజాం: ఒక ఆడదాన్నిగా అడుగుతున్నాను. తాతగారు గట్టిగా చెబితే పెద్దరికం, అదే మాట మామ్మ చెబితే పెత్తనం అంటారేం? పైగా పెత్తనం "చేస్తారు", "చెలాయిస్తారు". పెద్దరికం "నిలుపుకుంటారు". క్రియ దగ్గరే తేడా పెట్టేశారు. మా అత్తగారు ఇరవై ఏళ్లు ఇల్లంతా ఒంటిచేత్తో నడిపారు. ఊళ్లో ఆవిడకి దక్కిన పేరు "పెత్తనాలావిడ".

బొబ్బిలి: ఇది మాత్రం నిజం.

చీపురుపల్లి మాస్టారు: "ఇంటికి పెద్దదిక్కు" అని ఆడవాళ్లనీ అంటాం కదమ్మా.

రాజాం: అంటాం మాస్టారూ. తాతగారు పోయాక.

టెక్కలి అమ్మాయి: పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. మామ్మ మాట అస్సలు గుర్తులేదట. గుత్తి మాత్రం ఇంకా ఆవిడ బొడ్లోనే ఉంది, ఆ బీరువా అమ్మేసి పదేళ్లయినా.

నరసన్నపేట: అది సరేనమ్మా, ఆవిడ మామూలు మాటల్లో "ఏటి" అంటారా, "ఏంటి" అంటారా? అది విన్నావా?