సారా జోసెఫిన్ బేకర్ అంటే టైఫాయిడ్ మేరీని పట్టుకున్న డాక్టరేనా?

ప్రశ్న – నర్సింగ్ విద్యార్థిని
కమ్యూనిటీ హెల్త్‌లో న్యూయార్క్ డాక్టర్ సారా జోసెఫిన్ బేకర్ మీద సెమినార్ ఇవ్వాలి. ఎక్కడ వెతికినా 1907లో తనకు జబ్బు లక్షణాలు లేకుండానే ఇతరులకు టైఫాయిడ్ అంటించిన వంటమనిషి మేరీ మాలన్‌ను పోలీసులతో వెళ్లి పట్టుకున్న సంగతే వస్తోంది. అంబులెన్సులో మేరీ పారిపోకుండా డాక్టరమ్మే ఆమె మీద కూర్చుని మరీ తీసుకెళ్లారట. ఇంకేం చెప్పాలి? ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు – రిటైర్డ్ ఏఎన్ఎం
అమ్మా, మేరీ కథ రెండు మాటల్లో ముగించు. అసలు పని 1908 ఎండాకాలంలో ఉంది. అప్పట్లో న్యూయార్క్ ఇరుకిళ్లలో వేసవి వస్తే పసిపిల్లలు విరేచనాలతో రాలిపోయేవాళ్లు. బిడ్డ జబ్బుపడ్డాక వెళ్తే చేయగలిగింది తక్కువని బేకర్ అంతకుముందే ఆ ఇళ్ల మెట్లెక్కి చూశారు. అందుకే లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక ప్రాంతం ఎంచుకుని, పుట్టిన పిల్లల పేర్లు రిజిస్టర్‌లోంచి తీయించి, మర్నాటికల్లా నర్సును ఇంటికి పంపారు. చనుబాలే పట్టండి, కిటికీలు తీయండి, స్నానం చేయించండి, ఎండల్లో బట్టలు చుట్టబెట్టకండి. చెప్పింది ఇంతే. అంతకుముందు వేసవికన్నా అక్కడ 1200 మరణాలు తగ్గాయి.

సబ్‌సెంటర్‌లో ఉన్నన్నాళ్లూ నేను బాలింత దగ్గరికి వెళ్తే ముందు అత్తగారిని ఒప్పించాల్సి వచ్చేది. సలహా చెప్పి రావడం ఎంతసేపు? ఆ ఇంట్లో అది సాగేలా చూడాలి, మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆ 1200 వెనక పేరు తెలియని నర్సులున్నారు. సెమినార్‌లో వాళ్లను వదిలేయకు.

జవాబు – ఫార్మసిస్టు
కంటిచుక్కల సంగతి కూడా పెట్టండి. చూపు పోగొట్టే ఇన్‌ఫెక్షన్ రాకుండా అప్పట్లో పుట్టగానే బిడ్డ కళ్లలో వేసే సిల్వర్ నైట్రేట్ మందు సీసాలో నిలవుంటే నీరు ఆవిరై ఘాటెక్కేది, కాపాడాల్సిన కళ్లకే ముప్పు. బేకర్ ఒక్కో బిడ్డకు సరిపడా మందును తేనెమైనపు గుళికల్లో పెట్టించారు. మంత్రసానులు కూడా తేలిగ్గా వాడగలిగారు.

ప్రశ్నించినవారు
థాంక్స్ అండీ. ఆవిడకు అడ్డం పడినవాళ్లు లేరా?

జవాబు – రిటైర్డ్ ఏఎన్ఎం
లేకపోవడమా! పిల్లలకు జబ్బులు రాకుండా చేస్తున్నారు, మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారని బ్రూక్లిన్ డాక్టర్లు మేయర్‌కే అర్జీ పెట్టుకున్నారు. నాకైతే ఆ అర్జీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బేకర్ మాత్రం దాన్ని మెప్పుగానే తీసుకున్నారు.

ఇంకొకటి. ఆడవాళ్లకు సీటివ్వని న్యూయార్క్ యూనివర్సిటీ ఆవిడను పాఠాలు చెప్పమని పిలిచింది. నన్ను విద్యార్థినిగా చేర్చుకుంటేనే చెప్తానని పట్టుబట్టి, 1917లో అక్కడే పబ్లిక్ హెల్త్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. టైముంటే లిటిల్ మదర్స్ లీగ్ గురించి కూడా చెప్పు. అమ్మ పనికి పోతే తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఎత్తుకు తిరిగే ఆడపిల్లలకు పసిబిడ్డల పెంపకం నేర్పించారు. మీ క్లాసు పిల్లలకు అది బాగా ఎక్కుతుంది.