లిటిల్ అండమాన్‌లో గైడు లేకుండా ఒడ్డు మీద నుంచి గాలం వేట: ప్రణాళికకు సలహాలు కావాలి

కొరమీను_కూకట్‌పల్లి:

వచ్చే ఫిబ్రవరిలో నేనూ నా మిత్రులిద్దరూ పది రోజులు సెలవు పెట్టి లిటిల్ అండమాన్ దీవికి వెళ్లాలని నిశ్చయించుకున్నాము. చార్టర్ పడవ, గైడు, ప్యాకేజీ ఏవీ లేకుండా హట్‌బేలో గది తీసుకుని, స్కూటర్లు అద్దెకు తీసుకుని, ఒడ్డు మీద నుంచే గాలం వేయాలన్నది మా ఆలోచన. ఊరి చెరువుల్లోనూ నాగార్జునసాగర్ వెనుక జలాల్లోనూ కొరమీను వేట మాకు బాగా అలవాటే గాని, ఉప్పునీటి అనుభవం మాత్రం యారాడ, భీమిలి రాళ్ల మీద నుంచి వేసిన కొద్దిపాటిదే.

అండమాన్ గాలం వేట గురించి నాకు దొరికిన సమాచారమంతా శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచీ స్వరాజ్ ద్వీప్ నుంచీ బయలుదేరే ఖరీదైన పడవల గురించే ఉంది. ఒడ్డు గురించి రాసినవారు చాలా అరుదు. అందువల్ల ఇక్కడి అనుభవజ్ఞులను అడుగుతున్నాను. పది రోజుల్లో నిజంగా వేటకు మిగిలేవి ఎన్ని? దీవిలో ఎక్కడ నిలబడవచ్చు, ఎక్కడ కూడదు? ఫిబ్రవరిలో అక్కడి సముద్రం ఎలా ఉంటుంది? మా దగ్గరున్న పది అడుగుల రాడ్లు, పీఈ 4 దారం (పీఈ అంకె అల్లిక దారపు మందాన్ని చెబుతుంది) సరిపోతాయా? పట్టిన చేపను వండుకోవచ్చునా?

జంగ్లీఘాట్_మనవడు:

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వేట మా ఇంటి వృత్తి. మీ ప్రశ్నల్లో రెండవదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకుండా రాడ్ల గురించి మాట్లాడుకోవడం వృథా.

లిటిల్ అండమాన్ వైశాల్యం ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైనే అయినా, బయటివారు తిరగగలిగినది ప్రధానంగా తూర్పు తీరమే. హట్‌బే జెట్టీ నుంచి ఉత్తరంగా నేతాజీ నగర్, రామకృష్ణపురం మీదుగా పోయే ఒక్క రోడ్డూ, దాని పక్కనున్న తీరమూ మీ వేటకు హద్దులు అనుకోండి. ఉత్తరాన డుగాంగ్ క్రీక్, దక్షిణాన సౌత్ బే ఓంగీల నివాసాలు. దీవిలో చాలా భాగం వారికోసం కేటాయించిన గిరిజన రిజర్వు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా అక్కడ అడుగుపెట్టడం జైలుశిక్ష పడే నేరం, పైగా ఆ నిషేధం నేలతో ఆగక తీరానికి ఆనుకున్న నీటికి కూడా వర్తిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో పడమటి తీరపు రీఫులు (పగడపు దిబ్బలు) చూసి మనసు లాగడం సహజమే, కాని అటువైపు నడిచి వెళ్దామన్న ఆలోచన ఇంటి దగ్గరే వదిలేయండి. శ్రీ విజయపురానికి తిరిగి వచ్చాక ఒక రోజు మిగిలితే వండూర్ వైపు రాడ్డు పట్టుకుపోవద్దు. అక్కడిది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం, వేట పూర్తిగా నిషిద్ధం.

మత్స్యశాఖ డైరెక్టరేటుకు ముందుగానే ఉత్తరం రాసి, ఒడ్డు మీద నుంచి సరదాగా గాలం వేయడానికి హట్‌బే ప్రాంతంలో ఏ చోట్లకు అభ్యంతరం లేదో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా ఎవరో సరేనన్నారని బయలుదేరవద్దు. వచ్చిన జవాబును వెంట ఉంచుకుంటే పోలీసులు గాని అటవీ సిబ్బంది గాని అడిగినప్పుడు మాట పెరగదు. గార్మిన్ వంటి ఉపగ్రహ సందేశ పరికరాలు మీ దగ్గర ఉంటే వాటిని తేవద్దు. అనుమతి లేని ఉపగ్రహ ఫోన్లూ అటువంటి పరికరాలూ మన దేశంలో చట్టవిరుద్ధం, ఈ దీవుల్లో ఆ విషయం మరింత తీవ్రంగా చూస్తారు. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబులు లిటిల్ అండమాన్‌కు కూడా వచ్చింది గనుక హట్‌బేలో ఫోను పరిస్థితి పూర్వం కన్నా మెరుగే, అయితే తీరం వెంట పోయేకొద్దీ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక రోజుల లెక్క. హట్‌బే శ్రీ విజయపురానికి దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు. ప్రభుత్వ ఓడలో ప్రయాణం ఓడను బట్టి ఒక పగలో ఒక రాత్రో పడుతుంది. టికెట్లు చాలా ముందుగా చేతికి రావు, స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది, వాతావరణం బాగా లేకపోతే ఓడ కదలదు. హెలికాప్టరు ఉన్నా అందులో రోగులకే మొదటి స్థానం, అదే న్యాయం కూడా. అందుచేత తిరుగు విమానానికీ హట్‌బే నుంచి బయలుదేరే ఓడకూ మధ్య రెండు రోజులు ఖాళీగా ఉంచమని నా గట్టి సలహా. రాకపోకలు కూడా తీసివేస్తే వేటకు మిగిలేవి అయిదు రోజులు, అదృష్టం బాగుంటే ఆరు.

పోటుపాటు_విశాఖ:

పై మిత్రుడు నేల సంగతి చెప్పారు కనుక నేను నీటి సంగతి చెబుతాను.

అండమాన్‌లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, పాటు రెండుసార్లు తీస్తుంది. ప్రతి వేళా మరుసటి రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో శ్రీ విజయపురం దగ్గర పోటుకూ పాటుకూ మధ్య తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. మన విశాఖ రేవులోని తేడా కన్నా ఇది ఎక్కువ. అంత నీరు రీఫు మీదకు ఎక్కేటప్పుడు చిన్న చేపలు ఒడ్డువైపు వస్తాయి, వాటి వెనుక పార చేపలు వస్తాయి. నీరు దిగేటప్పుడు అవన్నీ రీఫు అంచున ఉన్న గండ్ల గుండా బయటకు పోతాయి. ఒడ్డు మీద నిలబడేవాడికి ఈ రెండు కదలికలే దిక్కు. నీరు నిలిచిపోయిన వేళ ఎంత విసిరినా చేయి నొప్పి తప్ప మిగిలేది ఉండదు. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే పోటు పట్టికలో శ్రీ విజయపురం వేళలు చూసుకుని, పెద్ద పోటు రోజులు మీ అయిదు రోజుల్లో పడేటట్లు టికెట్లు కొనండి. సెలవు దొరికిన తేదీలకు సముద్రాన్ని సరిపెట్టాలని చూస్తే కుదరదు.

అక్కడ మన గడియారం కూడా మోసం చేస్తుంది. దీవి బాగా తూర్పున ఉన్నా వాడేది మన సమయమే కావడం వల్ల ఫిబ్రవరిలో ఆరు గంటలలోపే తెల్లవారుతుంది, సాయంత్రం అయిదున్నరకు సూర్యుడు ఉండడు. హైదరాబాదులో లాగా టిఫిను ముగించి ఏడున్నరకు బయలుదేరితే ఉదయపు వేటలో మంచి భాగం అప్పటికే పోయి ఉంటుంది.

ఫిబ్రవరిలో ఈశాన్య గాలి తూర్పు తీరానికి ఎదురుగా వీస్తుంది. పొట్టి అలలు చిందరవందరగా ఉంటాయి. అవి చికాకు పెడతాయే తప్ప ప్రాణం తీసేవి కావు. ప్రమాదం దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చే పొడవాటి ఉబ్బు అలలతో ఉంది. సర్ఫింగ్ చేసేవారు మార్చి నుంచి మే మధ్య లిటిల్ అండమాన్‌కు వచ్చేది వాటికోసమే. ఫిబ్రవరిలో అవి తక్కువే గాని రావని అనుకోవద్దు. ఏడు సెకన్లకు ఒకటి వచ్చే మీటరు అలకూ, పదిహేను సెకన్లకు ఒకటి వచ్చే మీటరు అలకూ ఎత్తు ఒకటే, బలం మాత్రం ఒకటి కాదు. రెండవది రాయిని తాకినప్పుడు అనుకున్నదానికన్నా ఎంతో పైకి ఎక్కుతుంది. పైగా అవి గుంపులుగా వస్తాయి, నడుమ చాలాసేపు సముద్రం నిద్రపోతున్నట్లు ఉంటుంది. కాబట్టి ఏ రాయి మీదైనా కాలు పెట్టే ముందు అరగంట వెనక నిలబడి చూడండి. పైభాగం తడిసి ఉన్న రాయి మీద ఎక్కవద్దు. మన హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ దీవులకు కూడా అలల ఎత్తు, వ్యవధి, దిశ ముందుగా చెబుతుంది, ఉబ్బు అలల హెచ్చరికలూ ఇస్తుంది. రోజూ రాత్రి పడుకునే ముందు అది చూడటం అలవాటు చేసుకోండి.

సామాను విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. పీఈ 4 దారం, 60 నుంచి 80 పౌండ్ల లీడరు (గాలానికి ముందు కట్టే మందపు దారం), 40 నుంచి 60 గ్రాముల పాపర్లు, స్టిక్‌బైట్లు (కృత్రిమ ఎరలు) అనేవి నీలి పార, చిన్న బారకుడా, కోనాం వంటి వాటికి చక్కగా సరిపోతాయి. అయితే అదే చోట ఇరవై కిలోల జీటీ (జయింట్ ట్రెవల్లీ అనే పెద్ద పార) కూడా తిరుగుతుంది. అది ఎరను అందుకుని పగడపు అంచు కిందికి దూరితే పీఈ 4 నిలవదు. దారం తెగి చేప నోటిలో గాలం వేలాడుతూ పోతుంది. జీటీ కావాలనుకుంటే పీఈ 6 నుంచి 8 దాకా దారం, 130 పౌండ్లు లేదా అంతకు మించిన లీడరు, దానికి తగిన బరువు రాడ్డు, పెద్ద రీలు తేవాలి. లేదంటే జీటీ కనిపించిన గండిని వదిలి పక్కకు జరగాలి. మీరు మొదటిసారి వెళ్తున్నారు గనుక రెండవదే నాకు సబబుగా తోస్తుంది. మూడు ముళ్ల గాలాలు తీసివేసి ఒంటి గాలాలు తగిలించి, వాటి మొనపంటిని శ్రావణంతో నొక్కివేయండి. చేపకూ మీ చేతికీ అదే మేలు. విమానంలో గాలాలు, కత్తి, శ్రావణం చెక్ఇన్ సామానులోనూ, పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనూ ఉండాలి.

లోతునీళ్లు:

ఇంత దూరం వెళ్లి ఒడ్డు మీదే నిలబడటం నాకు అర్థం కావడం లేదు. హట్‌బే జెట్టీ దగ్గర తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉంటారు. వారితో మాట్లాడుకుని ఒక డుంగీ (చిన్న చేపల పడవ) తీసుకుంటే, ఒక్క ఉదయంలో ఒడ్డు మీది వారం రోజుల వేటకు మించిన చేప చూడవచ్చు. చార్టరు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

జంగ్లీఘాట్_మనవడు:

లోతునీళ్లు గారూ, చేప విషయంలో మీ మాట నిజమే, పడవ విషయంలో ఒప్పుకోలేను. చేపల వేటకు లైసెన్సు ఉన్న డుంగీ ప్రయాణికులను ఎక్కించుకోవడానికి లైసెన్సు ఉన్నది కాదు. ఏదైనా జరిగితే మీ బీమా చెల్లకపోవడం ఒక ఎత్తు. పడవ యజమాని జీవనాధారమైన లైసెన్సు పోవడం మరొక ఎత్తు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ వంటివారు నచ్చజెబితే మావాళ్లు మొహమాటానికి సరేనంటారు. అందుకే అడగకుండా ఉండటం మర్యాద. డుగాంగ్ క్రీక్ దిక్కుగా నీళ్లలో హద్దు గీత కనబడదని కూడా గుర్తుంచుకోండి. ఆ మత్స్యకారులకు డబ్బు ఇవ్వాలనే ఉంటే వారి దగ్గర చేపలు కొనండి, ఏ గండిలో నీరు ఎలా తిరుగుతుందో టీ తాగుతూ అడగండి. ఆ మాటలు ఏ గైడుకూ తీసిపోవు.

తీరపు_వైద్యుడు:

భోజనం ప్రశ్నకు జవాబు. రీఫు మీద తిరిగే పెద్ద వేటాడే చేపల్లో, అంటే పెద్ద బారకుడా, పెద్ద గ్రూపర్, పెద్ద పార వంటి వాటిలో, సిగువాటెరా అనే విషం పేరుకునే అవకాశం ఉంటుంది. సూక్ష్మమైన నాచులో పుట్టి చిన్న చేపల గుండా పెద్దవాటికి చేరే ఈ విషం ఉడికించినా వేయించినా పోదు. రుచిలో, వాసనలో తెలియదు. వాంతులు, విరేచనాలు, పెదవులు తిమ్మిరెక్కడం, చల్లటి వస్తువు తాకితే కాలినట్లు అనిపించడం దాని లక్షణాలు. పెద్ద రీఫు చేపను నీటిలోకి వదిలి, కూరకు స్థానికులు రోజూ తినే చిన్న చేపను బజారులో కొనుక్కోవడమే క్షేమం. జయింట్ గ్రూపర్ పడితే అసలు ఆలోచించనక్కరలేదు, అది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న చేప, వెంటనే వదలాలి. పగడపు ముక్కలు, సముద్ర దోసకాయలు, రాక్షస ఆల్చిప్పలు వంటివి కూడా అదే చట్టం పరిధిలోకి వస్తాయి కనుక జ్ఞాపకార్థమని ఏమీ సంచిలో వేసుకోవద్దు.

పాటు వేళ రీఫు మీద నడిచేటప్పుడు మందమైన అట్ట ఉన్న బూట్లు తప్పనిసరి, ఎందుకంటే రాతి చేప నిజంగానే రాయిలా ఉంటుంది. ముల్లు దిగితే, చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల వేడిలో, గాయాన్ని గంటకు పైగా ఉంచి వెంటనే హట్‌బే ఆసుపత్రికి చేరండి. ప్రాణమున్న పగడం మీద అడుగు వేయవద్దు. మొసళ్ల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఉప్పునీటి మొసలి ఈ దీవుల కాలువల్లో, మడ అడవుల్లో ఉంటుంది, సముద్రంలోకి కూడా వస్తుంది. 2010లో హేవ్‌లాక్ (నేటి స్వరాజ్ ద్వీప్) దగ్గర నీటిలో ఉన్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి వాతపడి మరణించారు. చేపలకు మంచి చోటని అందరూ చెప్పే కాలువ మొగల దగ్గర మోకాలి లోతు నీటిలో నిలబడటం, చేపను అక్కడే కడగటం, చీకటి పడ్డాక అటు నడవటం చేయకండి. తీర రక్షక దళం నంబరు 1554 ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి.

కొరమీను_కూకట్‌పల్లి:

అందరికీ కృతజ్ఞతలు. డుంగీ ఆలోచన మా ముగ్గురిలో ఒకరికి ఉండేది, ఇక లేదు. పౌర్ణమికి ముందురోజు హట్‌బే చేరేటట్లు తేదీలు మార్చుతున్నాము, తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుతున్నాము. మత్స్యశాఖకు ఉత్తరం రేపు పంపుతాను. పోటుపాటు గారూ, ఒక్క సందేహం మిగిలింది: మా రెండు ముక్కల రాడ్లు విమానంలో విరుగుతాయేమోనని భయంగా ఉంది. నాలుగు ముక్కల ప్రయాణపు రాడ్లు కొంటే బలం తగ్గుతుందా?

పోటుపాటు_విశాఖ:

మంచి తయారీ అయితే మీరు వేసే బరువులకు తేడా పెద్దగా తెలియదు, కాని విసురుతున్న కొద్దీ అతుకులు వదులవుతాయి. పది పదిహేను విసుర్ల కొకసారి ప్రతి అతుకునూ తిప్పి బిగించండి. ఇప్పుడున్న రాడ్లతోనే వెళ్లదలచుకుంటే ప్లంబింగ్ దుకాణంలో మందపు పీవీసీ గొట్టం అయిదున్నర అడుగులు కోయించి, రెండు వైపులా మూతలు పెట్టించి, లోపల చివరలకు తువ్వాళ్లు కుక్కండి. గొట్టం పొడవును ఏ విమాన సంస్థ ఎంతవరకు తీసుకుంటుందో టికెట్ కొనక ముందే అడగండి, కొన్నాక కాదు. ముగ్గురికీ కలిపి ఒక రాడ్డు అదనంగా వేసుకోండి. హట్‌బేలో విరిగితే అక్కడ కొనడానికి దొరకదు.