ఫ్లట్టర్‌లో బటన్ నొక్కితే రిపుల్ కనబడట్లేదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఒక టిఫిన్ సెంటర్‌కి ఫ్లట్టర్‌తో (యాప్‌లు తయారుచేసే టూల్‌కిట్) ఆర్డర్ యాప్ చేస్తున్నాను. బటన్ కోసం కంటెయినర్‌కి (తెర మీద పెట్టెలాంటి విడ్జెట్) ఆకుపచ్చ రంగిచ్చి, దాన్ని ఇంక్‌వెల్‌లో (ట్యాప్‌ని పట్టుకునే విడ్జెట్) పెట్టాను. ట్యాప్ పనిచేస్తోంది, రిపుల్ (నొక్కినచోట అలలా పాకే రంగు) మాత్రం రాదు. జనం మళ్లీ నొక్కితే రెండు ఆర్డర్లు పడుతున్నాయి.

జవాబు 1: రిపుల్ వస్తోందండీ, మీ రంగు కింద దాక్కుంటోంది. ఇంక్‌వెల్ రిపుల్ గీసేది తనని చుట్టి ఉన్న మెటీరియల్ అనే విడ్జెట్ మీద, అది తెర మీద కంటెయినర్‌కి వెనక ఉంటుంది. కంటెయినర్ రంగు దాన్ని కప్పేస్తుంది. కంటెయినర్ బదులు ఇంక్ అనే విడ్జెట్ వాడి, రంగు దాని డెకరేషన్‌లో ఇవ్వండి. ఇంక్‌వెల్ దాని లోపల ఉండాలి. మూలలు గుండ్రమైతే ఇంక్‌వెల్‌కీ అదే బోర్డర్‌రేడియస్ (మూలల గుండ్రం కొలత) ఇవ్వండి, లేదంటే రిపుల్ మూలలు దాటి పాకుతుంది.

జవాబు 2: డబుల్ ఆర్డర్ రిపుల్‌తో తీరదు బాస్. మొదటి ట్యాప్‌కే ఆన్‌ట్యాప్‌ని (నొక్కితే నడిచే కోడ్) నల్, అంటే ఖాళీ చేసి, సర్వర్ జవాబు వచ్చాకే తిరిగివ్వండి.

ప్రశ్న అడిగినవారు: ఇంక్‌తో వచ్చేసింది. టెక్స్ట్‌స్పాన్‌తో (వాక్యంలో ఒక ముక్క టెక్స్ట్) పెట్టిన "షరతులు" లింక్‌కి ఎందుకు రావట్లేదు?

జవాబు 1: టెక్స్ట్‌స్పాన్‌కి రిపుల్ ఉండదు. టెక్స్ట్‌బటన్ పెట్టండి.