మెకానికల్ చదివి 16 వేలకు ట్రైనీగా చేరాలా, సాఫ్ట్‌వేర్‌కి మారాలా?

కడప కుర్రోడు: ఈ ఏడాదే బీటెక్ మెకానికల్ అయింది. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీ ట్రైనీగా 16 వేలు ఇస్తామంది. రూమ్మేట్లేమో అమీర్‌పేటలో పైథాన్ కోచింగ్‌లో చేరిపోయారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారన్నా?

కోడింగ్ కోటి: నేనూ మెకానికలే. రెండేళ్లు ప్లాంట్‌లో చేసి బయటికొచ్చా. పేరుకి ఇంజనీర్ని, చేయించిందంతా ఎక్సెల్‌లో ప్రొడక్షన్ రిపోర్టులు. ఇప్పుడు మూడింతల జీతం. కోర్ (చదివిన బ్రాంచి పని) మీద ప్రేమతో ఇంటద్దె కట్టలేం తమ్ముడూ.

లేత్ బాబాయ్: కోటి చెప్పింది అబద్ధమేం కాదు. కానీ తప్పు మెకానికల్‌ది కాదు, ఆ రిపోర్టుల సీటుది. నేను పదిహేనేళ్లుగా టూల్ రూమ్‌లో, అంటే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే చోట ఉన్నా. కొత్తలో 100 మిల్లీమీటర్ల స్టీల్ షాఫ్ట్‌ని మెషిన్ మీంచి దించీ దించగానే, వేడి మీదే మైక్రోమీటర్‌తో కొలిచా. సైజు బాగానే ఉంది. చల్లారాక చూస్తే 12 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) తక్కువ! టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) దాటింది, ఆ షాఫ్ట్ స్క్రాప్. పది డిగ్రీలు చల్లబడితే స్టీలు అంత తగ్గుతుందని పరీక్షలో లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఫోర్‌మన్ తిట్టాక గానీ బుర్రకెక్కలేదు. ఇలా మెషిన్ ముట్టుకోనిచ్చే చోటైతే 16 వేలకైనా వెళ్లు. బాలానగర్‌లోనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. టూల్ డిజైన్ కోర్సు అక్కడ చేసినా మంచిదే.

వైజాగ్ వాణి: మీ టూల్ రూమ్‌లో అమ్మాయిలెంతమంది బాబాయ్? రెండు ఇంటర్వ్యూల్లో నాకు డ్రాయింగ్ కూడా చూపించలేదు. ‘నైట్ షిఫ్ట్ కుదరదు కదమ్మా’ అని పంపేశారు.

లేత్ బాబాయ్: ఒక్కరూ లేరమ్మా. నిజమే.

కోడింగ్ కోటి: పైగా ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఇంజనూ గేర్లూ పోతాయి. అప్పుడు?

వైజాగ్ వాణి: పోయేవి పిస్టన్లు. బ్యాటరీ వేడెక్కితే చల్లబరిచే ప్లేటు ఎవరు డిజైన్ చేస్తారు? కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు నేను చేసే పని అదే. నేను కోర్‌ని వదల్లేదు, మెషిన్లుండే షాప్ ఫ్లోరే నన్ను రానివ్వలేదు.

లేత్ బాబాయ్: తమ్ముడూ, ఏ డిపార్ట్‌మెంటో, బాండ్ ఉందో లేదో ఫోన్ చేసి అడుగు.

కడప కుర్రోడు: అడిగా. క్వాలిటీ అంట. రెండేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకుంటారట.

కోడింగ్ కోటి: చెప్పానా!

లేత్ బాబాయ్: సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఇది వదిలెయ్, జీడిమెట్లలో వేరేది చూద్దాం.