4 జీబీ ర్యామ్ ఇస్తే వీఎం బిగుసుకుపోతోంది, జీడీబీ స్క్రిప్ట్‌లో మెమరీ మ్యాప్ రావడం లేదు

కావలి విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం క్యూఎములో (కంప్యూటర్ లోపల వీఎం అనే ఇంకో నకిలీ కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) ఒక చిన్న నకిలీ డివైస్ రాశాను. వీఎంకు 2 జీబీ ర్యామ్ ఇస్తే లినక్స్ చక్కగా బూట్ అవుతుంది, డివైస్ కూడా పలుకుతుంది. 4 జీబీ ఇస్తే బూట్ మధ్యలో బిగుసుకుపోతుంది. ఇన్ఫో ఎమ్‌ట్రీ కొట్టి అడ్రస్ స్పేస్ (ఏ అడ్రసులో ఏముందో) చూద్దామంటే క్యూఎము మానిటర్ (దానికి కమాండ్లు ఇచ్చే కన్సోల్) కూడా పలకడం లేదు. క్యూఎము సోర్సులో స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో జీడీబీకి (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల చూపించే డీబగ్గర్) ఒక పైథాన్ స్క్రిప్ట్ ఉంది, దాంతో చూడొచ్చని సీనియర్ చెప్పాడు. జీడీబీని 1234 పోర్టుకు కలిపి, స్క్రిప్ట్‌ను సోర్స్ చేసి, క్యూఎము ఎమ్‌ట్రీ అని కొట్టాను. అడ్రస్ స్పేస్ మెమరీ అనే సింబల్ (వేరియబుల్ పేరు) లేదంటోంది. సోమవారం రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు అన్న:
ఆ క్యూఎము ఉబుంటు ప్యాకేజీతో వచ్చిందా, నువ్వు బిల్డ్ చేసుకున్నదా? ప్యాకేజీ బైనరీలో డీబగ్ సింబల్స్ తీసేసి ఉంటాయి.

కావలి విద్యార్థి:
సొంత బిల్డే అన్నా. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఎనేబుల్ డీబగ్ కూడా పెట్టాను.

ఒంగోలు అక్క:
అయితే సింబల్స్ తప్పు కాదు తమ్ముడూ, నువ్వు తట్టిన తలుపు వేరు. 1234 పోర్టు దగ్గర ఉండేది జీడీబీ స్టబ్. అది వీఎం లోపలి సంగతి చెబుతుంది, అంటే లోపల నడిచే లినక్స్ కెర్నల్, దాని రిజిస్టర్లు. ఆ కెర్నల్ వేరే ప్రోగ్రామ్, క్యూఎము వేరియబుల్స్ దానికెక్కడివి? ఈ స్క్రిప్ట్‌కు కావలసింది బయట, నీ ల్యాప్‌టాప్‌లో మామూలు ప్రాసెస్‌లా నడుస్తున్న క్యూఎము. దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) పట్టుకుని జీడీబీని అటాచ్ చెయ్యి. తర్వాత స్క్రిప్ట్‌ను సోర్స్ చేసి అదే కమాండ్ కొట్టు. నేను కూడా మొదట్లో ఈ రెండింటి మధ్య తేడా తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నా.

అటాచ్ అయినంతసేపూ వీఎం ఆగి ఉంటుంది, కంగారుపడకు. అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ (ఏ థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉందో చూపే జాబితా) కూడా తీసి ఇక్కడ పెట్టు. మానిటర్ కూడా పలకలేదన్నావు చూడు, నాకు అసలు అనుమానం అక్కడే.

కావలి విద్యార్థి:
అటాచ్ చేస్తే పర్మిషన్ లేదంటోంది అక్కా.

నెల్లూరు అన్న:
ఉబుంటులో మామూలు యూజర్‌ను వేరే ప్రాసెస్‌కు అటాచ్ కానివ్వదు. జీడీబీని సుడోతో నడుపు, చాలు.

కావలి విద్యార్థి:
వచ్చింది! సిస్టమ్ అనే పెద్ద రీజియన్ కింద ర్యామ్ బిలో 4జీ అనే వరుస సున్నా నుంచి మొదలై, బి వెనక ఏడు ఎఫ్‌ల దాకా ఉంది. దాని కింద ఎలియస్ పీసీ డాట్ ర్యామ్ అని ఉంది. ర్యామ్ అబవ్ 4జీ అనే ఇంకో వరుస 1 పక్కన ఎనిమిది సున్నాల దగ్గర మొదలవుతోంది. నా డివైస్ ఎ పక్కన ఏడు సున్నాల దగ్గర 4 కేబీ. బ్యాక్‌ట్రేస్‌లో సీపీయూ థ్రెడ్ నా డివైస్ రైట్ ఫంక్షన్‌లోనే ఉంది. అందులో స్టేటస్ బిట్ మారేదాకా తిరిగే వైల్ లూప్ ఒకటి రాశాను.

ఒంగోలు అక్క:
దొరికింది. హెక్స్‌లో ఎ పక్కన ఏడు సున్నాలంటే సరిగ్గా 2.5 జీబీ. బి వెనక ఏడు ఎఫ్‌లంటే 3 జీబీకి ఒక్క బైటు తక్కువ. అంటే నీ డివైస్ ర్యామ్ మధ్యలో కూర్చుంది. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరి పేర పాసుపుస్తకాలు పుట్టినట్టయింది.

డిఫాల్ట్‌గా వచ్చే పీసీ మెషీన్‌లో 2 జీబీ ఇస్తే ర్యామ్ 2 జీబీ దగ్గరే అయిపోతుంది, నీ డివైస్ ఖాళీ జాగాలో పడుతుంది. 4 జీబీ ఇస్తే మొదటి 3 జీబీ కింద పెట్టి, మిగిలిన 1 జీబీని 4 జీబీ గీత దాటించి పైన పెడుతుంది. మధ్యలో వదిలిన సందు పీసీఐ డివైసులకు, బయోస్‌కు. నీకు కనిపించిన ఎలియస్‌లు ఆ కింది, పై ర్యామ్ ముక్కలే. ర్యామ్ బ్లాకు ఒక్కటే, దాన్ని రెండు ముక్కలుగా రెండు చోట్ల చూపిస్తోంది.

నీ డివైస్‌ను సిస్టమ్ మెమరీకి సబ్‌రీజియన్‌గా కలిపినప్పుడు ప్రయారిటీ (రెండు రీజియన్లు ఒకే చోట పడితే ఏది గెలవాలో చెప్పే అంకె) సున్నా. ర్యామ్‌దీ సున్నానే. సమానంగా ఉంటే ఇప్పటి కోడ్‌లో తర్వాత చేరినది ముందు వరుసలోకి వస్తుంది, కాబట్టి నీ డివైసే గెలిచింది. (దీన్ని నమ్ముకుని మాత్రం కోడ్ రాయకూడదు.) లోపలి కెర్నల్ ఆ పేజీని ర్యామ్ అనుకుని ఏదో రాసింది, ఆ రాత నీ రైట్ ఫంక్షన్‌కు వచ్చింది, నీ వైల్ లూప్ ఎప్పటికీ మారని బిట్ కోసం తిరుగుతోంది. ఆ ఫంక్షన్ నడిచినంతసేపు క్యూఎము పెద్ద తాళం (ఒకసారికి ఒక్క థ్రెడ్డే పట్టుకోగల లాక్) దాని చేతిలోనే ఉంటుంది. మానిటర్‌కూ అదే తాళం కావాలి. అందుకే అది మూగబోయింది.

ఒకటి గుర్తుపెట్టుకో. స్క్రిప్ట్ చూపే చెట్టు అడంగల్‌లో పట్టాదారు పేరు లాంటిది. అనుభవదారు ఎవరో, అంటే ఆ అడ్రసు చివరికి ఎవరికి వెళుతుందో అది చెప్పదు. మానిటర్ బతికి ఉన్నప్పుడైతే ఇన్ఫో ఎమ్‌ట్రీకి ఎఫ్ ఆప్షన్ ఇస్తే ఆ చివరి లెక్క, అంటే ఫ్లాట్ వ్యూ, కనిపిస్తుంది. జీడీబీలోనే కావాలంటే ప్రతి వరుస చివర ఎట్ గుర్తు పక్కన ఉన్న పాయింటర్ తీసుకుని, దాన్ని మెమరీ రీజియన్ టైపుకు మార్చి ప్రయారిటీ ప్రింట్ చేసుకోవచ్చు.

ఒంగోలు ఉద్యోగి:
నేనూ డివైస్‌ను అదే 2.5 జీబీ దగ్గర పెట్టి 4 జీబీతో నడుపుతున్నాను, ఏ ఇబ్బందీ లేదే? నాది క్యూ35 మెషీన్ (క్యూఎములో ఇంకో రకం పీసీ).

ఒంగోలు అక్క:
క్యూ35లో 4 జీబీ ఇస్తే కింద ఉంచేది 2 జీబీయే అండీ, మిగతాదంతా పైకి పోతుంది. అందుకే మీకు తగల్లేదు. కానీ అదే మెషీన్‌కు 2.7 జీబీ ఇచ్చి చూడండి, అంత తక్కువకు అది ముక్కలు చేయదు, మీకూ తగులుతుంది.

కావలి విద్యార్థి:
ఓవర్‌ల్యాప్ ఫంక్షన్ వాడి నా డివైస్ ప్రయారిటీ పెంచితే సరిపోతుందా అక్కా?

ఒంగోలు అక్క:
సరిపోదు. ఇప్పుడు గెలుస్తున్నది నీ డివైసే కదా! ఆ పేజీ ర్యామేనని బయోస్ కెర్నల్‌కు చెప్పేసింది, ఎవరు గెలిచినా గొడవ తప్పదు. అడ్రసు నువ్వు రాయడం మానెయ్. పీసీఐ డివైస్‌గా మార్చి బార్ (డివైస్ తనకు కావలసిన అడ్రసు జాగా అడిగే చోటు) రిజిస్టర్ చెయ్యి, ఎక్కడ పెట్టాలో బయోస్ చూసుకుంటుంది. క్యూఎము సోర్సులోనే ఎడ్యు అని నేర్చుకునేవాళ్ల కోసం రాసిన డివైస్ ఉంది, 1 ఎంబీ బార్‌తో. అది పక్కన పెట్టుకుని రాయి. వైల్ లూప్ కూడా తీసెయ్, రైట్ ఫంక్షన్ లాంటి కాల్‌బ్యాక్‌లో ఎదురుచూడకూడదు. టైమర్ పెట్టుకో.

కావలి విద్యార్థి:
రాత్రంతా కూర్చుని పీసీఐకి మార్చాను. 2, 4, 6 జీబీ మూడూ బూట్ అయ్యాయి. మళ్లీ అటాచ్ చేసి చూస్తే నా డివైస్ ఇప్పుడు పీసీఐ కింద, 3 జీబీ దాటిన సందులో కనిపిస్తోంది. టైమర్ ఇంకా రాయలేదు, లూప్ మాత్రం తీసేశాను. అక్కా, అన్నా, చాలా థాంక్స్. సోమవారం రివ్యూలో ఈ చెట్టు రెండు ప్రింట్లూ, పాతదీ కొత్తదీ, పక్కపక్కన పెట్టి చూపిస్తాను.