పదిహేడేళ్ల కుర్రాడికి పల్లెలో సాయంత్రం పని: పంపాలా, వద్దా?

లంక_కుర్రాడు
అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను, పదిహేడో ఏడు నడుస్తోంది. నాన్న కొబ్బరి దింపు పని చేసేవారు. చెట్టు మీంచి జారి నడుముకి దెబ్బ తగిలాక ఎక్కడం మానేశారు. అమ్మ కూలి మీదే ఇల్లు నడుస్తోంది. కాలేజీ నాలుగింటికి వదులుతారు. సాయంత్రం రెండు గంటలు, ఆదివారం పూర్తిగా చేసే పని ఏదైనా కావాలి. డెలివరీ పని అడిగితే 18 నిండాలన్నారు. గేరు బండి లైసెన్సుకీ, ఉపాధి హామీ పనికీ అంతే. ఊళ్లో అడిగితే కొందరు "ముందు చదువుకోరా" అంటున్నారు, కొందరు రాత్రి చెరువు కాపలాకి రమ్మంటున్నారు. ఈ రెండూ కాక ఇంకేమైనా ఉందా?

చెరువు_గట్టు
బాబూ, పల్లెలో పని లేదంటే నేను ఒప్పుకోను. మా ఉండి, ఆకివీడు వైపు మనుషులు దొరక్క నానా తంటాలు పడుతున్నాం. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులకి బెంగాల్ నుంచి మనుషులు వస్తున్నారంటే చూసుకో. చెరువు మీద సాయంత్రం మేత చల్లడం, చెక్ ట్రేలు ఎత్తి రొయ్య ఎంత తిన్నదో చూడడం, పుస్తకంలో రాయడం, చదువుకున్న కుర్రాడికి ఇదేం పెద్ద పని కాదు. మేం బడి నుంచి వచ్చి గేదెలకి గడ్డి కోసి, ఆ తర్వాతే అన్నం తినేవాళ్లం. ఎవరం చెడిపోలేదు. ఇప్పుడు పిల్లల్ని పనికి పిలిస్తే పెద్దలే వద్దంటున్నారు.

కేటరింగ్_బ్యాచ్
బ్రో, పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్‌కి వచ్చెయ్. భోజనం పెడతారు, డబ్బులు అదే రోజు చేతికిస్తారు.

లెక్కల_మాస్టారు
నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: ఇంటర్ రెండేళ్లూ పని వద్దు. ఆదివారం రాత్రి కేటరింగ్‌కి వెళ్లిన పిల్లలు సోమవారం మొదటి గంటలో బెంచీ మీద తల పెట్టి పడుకుంటారు. నాకు చాలా ఇష్టమైన ఒక విద్యార్థి ఉండేవాడు. ఇంటెగ్రేషన్ లెక్క బోర్డు మీద నాకంటే ముందు చేసేవాడు. మొదట ఒక పెళ్లికి వెళ్లాడు, తర్వాత ఆ సీజనంతా వెళ్లాడు, తర్వాత కాలేజీకి రావడం మానేశాడు. వాళ్ల ఇంటికి వెళ్లి అడిగితే "సంపాదిస్తున్నాడు కదండీ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. హాజరు 75 శాతం లేకపోతే చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు కూడా రాదు. అంటే చేసిన కూలి ఒక పక్క, పోయిన సాయం ఒక పక్క. చేయాలనుంటే వేసవి సెలవుల్లో చెయ్యి బాబూ.

చెరువు_గట్టు
మాస్టారూ, వాళ్ల నాన్న మంచాన పడ్డాడు. వేసవి దాకా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా మీరే చెప్పండి.

కోర్టు_కాగితం
చట్టం ఏమంటుందో కొంచెం చెబుతాను. బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది, 2016లో సవరించారు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 మధ్య వాళ్లు పని చేయొచ్చు, ప్రమాదకరమైనవి మాత్రం కూడదు: గనులు, పేలుడు పదార్థాలు, మంటలంటుకునే సరుకు, ప్రమాదకర రసాయన ప్రక్రియలు. దీపావళి ముందు బాణసంచా పనికి ఎంత ఇస్తామన్నా వెళ్లకు తమ్ముడూ. అందులో పిల్లల్ని పెట్టిన యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక నీ వయసు వాళ్ల చేత సాయంత్రం 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. రోజుకి విరామం కలుపుకుని ఆరు గంటలు దాటకూడదు. కాబట్టి రాత్రి చెరువు కాపలా కుదరదు.

చెరువు_గట్టు
ఆ ఏడు గంటల రూలు షాపులకి. చెరువు షాపా అండి? పొద్దున్నే మొదటి మేత ఎనిమిది తర్వాత వేస్తే రొయ్య ఊరుకుంటుందా?

కోర్టు_కాగితం
చట్టంలో 'సంస్థ' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో దుకాణం, వర్క్‌షాపు, హోటల్‌తో పాటు ఫార్మ్ కూడా ఉంది. చెరువు అందులోకి వస్తుందనే నేనంటాను.

చెరువు_గట్టు
ఫార్మ్ అంటే పొలం. చెరువు చెరువే. పైగా నేను పొద్దున పని చెప్పలేదు, సాయంత్రం మేత అన్నాను. ఐదింటికి మొదలుపెడితే ఆరున్నరకి అయిపోతుంది. మీరు ఎనిమిది గంటల గురించి ఎందుకు పట్టుకున్నారు?

కోర్టు_కాగితం
పొద్దున మేత సంగతి ఎత్తింది మీరే కదండీ. సాయంత్రమైనా తెప్ప మీద ఒంటరిగా పంపిస్తారా? నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు గట్ల మీద ఎలా పడుంటాయో మీకు తెలియదా? చెరువుల మీద కరెంటు షాక్ కొట్టి ఎంతమంది పోయారో పేపర్ చదివేవాళ్లందరికీ తెలుసు.

చెరువు_గట్టు
మా తీగలు పైపుల్లో ఉంటాయి. వచ్చి చూసుకోండి.

లేసు_అల్లిక
మగపిల్లాడు అడిగాడు కాబట్టి చెరువులు, పెళ్లిళ్లు, బళ్లు అంటున్నారు. ఆడపిల్ల అడిగితే ఏం చెబుతారు? నేను ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో రొయ్యల షెడ్డుకి వెళ్లాను. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీయాలి. తొందరగానే వేళ్ల చివర్లు పగిలిపోతాయి, ఇంటికొచ్చి పెన్ను పట్టుకుంటే మంట. కూలి కిలోల లెక్కన ఇస్తారు, తూకం మాత్రం మనకి కనిపించే వైపు ఉండదు. "పిల్లవి కదా, నీకింతే" అని పక్కనున్న అక్కకంటే కిలోకి తక్కువ రేటు కట్టారు. నేను ఒలిచిన కిలో కూడా కిలోయే కదా?

మా నరసాపురం వైపు ఇంట్లోనే లేసు అల్లుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అమ్మకి పీసుకి వచ్చే డబ్బు మాత్రం మారలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఇప్పుడు అమ్మాయిలు టౌన్లో పని చూసుకోవచ్చు. అది నిజంగా మేలు. అయితే మా ఊరికి చివరి బస్సు చీకటి పడేలోపే వెళ్లిపోతుంది. షాపులో సాయంత్రం పని అంటే ఆ బస్సు వదులుకోవడమే.

పంటు_రేవు
సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఇదంతా చదివాను. కుర్రాడు అడిగిన దానికి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

చెరువు_గట్టు
నేను మొదటి దాంట్లోనే చెప్పాను. లేసు_అల్లిక గారూ, కొత్తగా వచ్చిన పిల్లకి రేటు తక్కువ ఉండడం ఎక్కడైనా ఉన్నదే. పెద్దవాళ్లతో సమానంగా పని రాదు, మధ్యలో పరీక్షలని మానేస్తారు. ఆ నష్టం ఎవరు భరిస్తారు? నేను కూడా కుర్రాడికి సగం కూలే ఇస్తాను. పని నేర్పుతున్నాను కదా.

లేసు_అల్లిక
మీరు రోజు లెక్క చెబుతున్నారు, నేను కిలో లెక్క చెప్పాను. తక్కువ ఒలిస్తే తక్కువ డబ్బే వస్తుంది, ఆ నష్టం నేనే భరించాను. దాని మీద రేటు కూడా ఎందుకు తగ్గించాలి?

లంక_కుర్రాడు
నేను ఒక సంగతి చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పోయిన వేసవిలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర కాయలు ఒలిచాను. గునపం మీద ఒలవడం నాన్నే నేర్పారు. సెలవులయ్యాక డబ్బులడిగితే "మీ నాన్న అడ్వాన్సులో జమ వేశాం" అన్నారు. నాకు ముందు ఆ మాట చెప్పలేదు. పుస్తకం చూపించమంటే "పెద్దాళ్లు మాట్లాడుకుంటాం, నువ్వెళ్లు" అన్నారు. ఆ డబ్బుతో రెండో ఏడు పుస్తకాలు కొనుక్కోవాలనుకున్నాను. పని అంటే నాకు భయం లేదండి. చేసిన పనికి డబ్బు నా చేతికి రావాలి, అంతే.

లెక్కల_మాస్టారు
నేను వద్దన్నది దీనికే. చదువుకునే పిల్లాడిని ఇలాంటి వాళ్ల చేతిలో పెట్టకూడదు.

కోర్టు_కాగితం
తమ్ముడూ, తండ్రి అప్పు కింద కొడుకు పని చేయడం మామూలు సంగతి కాదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఆపమన్నది ఇలాంటి దాన్నే. ఆ అప్పు నీది కాదు. నీ కూలి అడిగే హక్కు నీకుంది. పిల్లల సహాయానికి 1098 ఉంది, ఫోన్ చెయ్యి.

చెరువు_గట్టు
ఇదిగో, మొదలుపెట్టారు. పల్లెలో అడ్వాన్సు లేకుండా పని నడుస్తుందా? మనిషి జబ్బుపడితే, ఇంట్లో పెళ్లయితే, ముందు వచ్చేది మా గుమ్మంలోకే. ఇస్తాం. ఇచ్చినది ఎలా రాబట్టుకోవాలి? 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు నా రొయ్య ధర పడిపోయింది. మేత కొట్టు వాడు నా అప్పు వదిలేశాడా? నాకెవరూ వెట్టి చట్టం చెప్పలేదు. అప్పులు ఎగ్గొట్టి పోయినవాళ్ల పేర్లు రాయమంటే పేజీ చాలదు.

లేసు_అల్లిక
మీ అబ్బాయి ఏం చదువుతున్నాడండీ?

చెరువు_గట్టు
హైదరాబాద్‌లో ఇంటర్. హాస్టల్లో ఉన్నాడు. దానికీ దీనికీ ఏం సంబంధం?

లేసు_అల్లిక
సంబంధం అదే. మీ వాడికి ఇంటర్ అంటే హాస్టలు, ఈ అబ్బాయికి ఇంటర్ అంటే సగం కూలి. ఇద్దరూ చదివేది ఇంటరే. పిల్లలు పని నేర్చుకోవాలని మీరు మనసారా నమ్మితే సెలవుల్లో మీ వాణ్ణి తెప్ప ఎక్కించండి. లేదంటే మీకు కావలసింది కూలి తగ్గించి ఇవ్వగలిగిన మనిషి అని ఒప్పుకోండి.

చెరువు_గట్టు
మా వాడికి గట్టు మీద నడవడం కూడా రాదు. ఆ బాధ నాకుంది, మీరు గుర్తు చేయక్కర్లేదు. వాళ్లమ్మ చెరువు దగ్గరికి రానివ్వదు. పొలం, చెరువు నా తర్వాత ఎవరు చూస్తారో తెలియక నిద్రపట్టదు నాకు. పని తెలిసిన ఒక కుర్రాడు ఊళ్లో మిగలాలనే నా ఆశ.

లేసు_అల్లిక
మిగలాలంటే పూర్తి కూలి ఇవ్వండి.

లెక్కల_మాస్టారు
మిగలడం ఎందుకు? చదువుకుని వెళ్లాలి.

లంక_కుర్రాడు
మాస్టారూ, వెళ్లడానికీ ఛార్జీ కావాలి కదండీ.

కడియం_మొక్క
కొంచెం పనికొచ్చే మాట చెబుతాను. మాది కడియపులంక. మా నర్సరీల్లో ఆదివారం కవర్లలో మట్టి నింపడం, మొక్కలు లోడు చేయడం లాంటి పనులుంటాయి, ఏ రోజు కూలి ఆ రోజే. నీకు దూరం. రాజోలు, మలికిపురంలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్లలో అడుగు. అప్లికేషన్లు నింపే సీజన్లో సాయంత్రం ఒక మనిషి కావాల్సి ఉంటుంది. అన్నిటికంటే నీకు నేను చెప్పేది ట్యూషన్. మీ వీధిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకి లెక్కలు చెప్పు. నీ చదువూ పోదు, ఎవరి పుస్తకంలోనూ జమ పడదు.

లెక్కల_మాస్టారు
ట్యూషన్‌కి నా అభ్యంతరం లేదు. ఎనిమిదింటికల్లా ముగించు. ఏ పాఠంలో సందేహం వచ్చినా ఇక్కడ అడుగు, నేను చెబుతాను.

కేటరింగ్_బ్యాచ్
ట్యూషన్ డబ్బులు కూడా ఎగ్గొడతారు బ్రో. మా అక్కకి రెండు ఇళ్ల వాళ్లు ఇంకా ఇవ్వాలి.

చెరువు_గట్టు
ఎదురింటి వాళ్లే ఎగ్గొడితే అప్పుడు తెలుస్తుంది అడ్వాన్సు ఇచ్చినవాడి బాధ.

లేసు_అల్లిక
పని చేయించుకుని డబ్బు ఇవ్వకపోతే బాధపడేది పని చేసినవాడు. ఈ ఒక్క ముక్క మీకు ఎందుకు ఎక్కడం లేదు?

లంక_కుర్రాడు
మా వీధిలో నలుగురు పిల్లలు వస్తామన్నారు. రేపు వాళ్ల అమ్మవాళ్లతో మాట్లాడతాను. ఫీజు నెల మొదట్లో అడగొచ్చా, నెలాఖరుకా? మొదటే అడిగితే తప్పుగా అనుకుంటారేమో.

లేసు_అల్లిక
మొదట్లోనే అడుగు తమ్ముడూ. ఒక నోటుబుక్కులో రాసి వాళ్ల చేత సంతకం పెట్టించు.

చెరువు_గట్టు
సంతకాలేంటండీ, ఊళ్లో అమ్మల దగ్గర? నెలాఖరుకి తీసుకో బాబూ, ముందు నమ్మకం కుదరాలి.

లేసు_అల్లిక
నమ్మకం వాళ్లకి కుదరాలి, అతనికి అక్కర్లేదా?